ఊయలలో గ్లాసు

నవంబరు 4, సోమవారం

ఇవాళ మళ్లీ బడికి వెళ్లాను. మాట లేకుండా.

గొంతులో కాయ తీసేశారు. పుండు మానేదాకా ఒక్క మాట కూడా వద్దన్నారు డాక్టరు. గుసగుస అసలే వద్దట, అది మామూలు మాట కన్నా చెడ్డదట. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని ఉన్నది నిద్రలోనే. అదీ మా ఆయన ఒప్పుకోరు, నిద్రలో కూడా పాఠం చెబుతానంటారు. లోపల ఆవిరి ఎటో ఒకవైపు పోవాలి కదా, అందుకే ఈ డైరీ.

సెలవులు అయిపోయాయి. పెద్ద టీచరు గారు ఒక ఉపాయం చెప్పారు. ఏడో తరగతికి నా సైన్సు పాఠాలు లెక్కల మాస్టారు చెబుతారు, నెలాఖరున జరిగే రోబో పోటీకి పిల్లల్ని నేను చూసుకోవాలి. పిల్లలే చేసుకుంటారు, మీరు కూర్చుని చూస్తే చాలు, దానికి మాటలక్కర్లేదు అన్నారు. ఈవిడ పిల్లల మధ్య కూర్చుని ఎన్నాళ్లయిందో. కాదని రాసి చూపించడానికి సంచీలోంచి నా తెల్ల పలక తీసేలోపు ఆవిడ వెళ్లిపోయారు. మౌనం అర్ధాంగీకారమని ఊరికే అనలేదు.

నవంబరు 5, మంగళవారం

బోర్డు మీద నియమాలు రాశాను. బల్ల మీద నల్ల టేపు వంకరటింకరగా అతికించి ఉంటుంది. మీరు చేసిన బండి ఆ టేపు వెంట తనంతట తానే నడవాలి. నెత్తిన గ్లాసుడు నీళ్లు మోయాలి. చివర గీత దగ్గర ఆగాలి. ఎవరి గ్లాసులో ఎక్కువ నీళ్లు మిగిలితే వాళ్లు గెలిచినట్టు. జట్టుకి ముగ్గురు. పనంతా తరగతి గదిలోనే జరగాలి. చూడటానికి వచ్చే ఇంజినీరు ఎవరిని ఏ ప్రశ్న అయినా అడగవచ్చు.

జట్లు కట్టుకోండి అని రాశానో లేదో, గది సంత అయిపోయింది. నా పాత గొంతుకి ఒక్క కేక చాలు. ఇవాళ స్కేలుతో బల్ల మీద కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టింది.

అందరూ కలిశాక ముగ్గురు మిగిలారు. ఎందుకు మిగిలారో అందరికీ తెలుసు. ఒకడు మేస్త్రీ. పిల్లలు పెట్టిన పేరే. ఎవరి చేతిలో ఏ పని ఉన్నా లాక్కుని "అలా కాదు, ఇలా" అంటాడు. రెండోదాని పేరు "అయితే". ఆ పిల్ల నోరు తెరిస్తే మొదటి మాట "అయితే". అయితే ఎందుకు, అయితే ఎలా, అయితే అలా కాకపోతే ఏమవుతుంది. మూడోవాడు జిగురు. విరిగింది ఏది కనిపించినా అతికిస్తాడు. పోయినేడు నా కళ్లద్దాల కాడ అతికించాడు, తర్వాత అది మడతపడలేదు.

ముగ్గురినీ కిటికీ పక్క బల్ల చూపించి కూర్చోమన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నవంబరు 6, బుధవారం

కాయ ముక్కని పరీక్షకి పంపారు కదా, ఫలితం వచ్చింది. భయపడాల్సిందేమీ లేదట. ఆయన ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, షాపుకెళ్లి, మళ్లీ మధ్యాహ్నం ఫోను చేసి చదివి వినిపించారు. నేను మొదటినుంచీ భయపడలేదు.

నవంబరు 8, శుక్రవారం

సామాను పంచాను. ఒక్కో జట్టుకి చెక్క పలక, రెండు మోటార్లు, రెండు చక్రాలు, బ్యాటరీ డబ్బా, చిన్న సర్క్యూటు బోర్డు, నల్ల గీతని కనిపెట్టే రెండు కళ్లు. ఈ కళ్లు బండి కడుపు కింద ఉంటాయి. గీత ఎడమకి తిరిగితే ఎడమ కన్ను చెబుతుంది, బండి అటు తిరుగుతుంది.

కిటికీ బల్ల దగ్గర మేస్త్రీ స్క్రూడ్రైవరు పట్టుకున్నవాడు వదల్లేదు. అయితే అడిగింది: "అయితే కళ్లు కిందే ఎందుకు? మనకి ముందుంటాయి కదా." మేస్త్రీ, "ఎందుకంటే అంతే" అన్నాడు. జిగురు ఈలోపు ఎడమ చక్రాన్ని ఇరుసుకి అతికించేశాడు, ఊడిపోకుండా. ఊడిపోలేదు, తిరగనూ లేదు. బండికి ఊపిరి పోస్తే తోక పట్టుకోవాలని తిరిగే కుక్కపిల్లలా ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

నాకు నవ్వొచ్చింది. నవ్వు కూడా గొంతులోంచే వస్తుందని అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిల్లలు ఏడుస్తున్నాననుకుని గప్‌చుప్ అయ్యారు. జిగురు దగ్గరికొచ్చి, "టీచర్, మళ్లీ ఊడదీసేస్తాను, ఏం పర్లేదు" అన్నాడు.

నవంబరు 10, ఆదివారం

అత్తయ్య సంగతి రాయాలి. రాయకూడదనుకున్నాను కానీ రాయాలి.

అత్తయ్యకి బట్టల మిల్లు రొదలో చెవులు పోయాయి. ఆమె కొడుకు, అదే మా ఆయన, నెమ్మది మనిషి, గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. కళ్లద్దాల షాపులో రోజంతా "ఇప్పుడెలా ఉంది? ఇప్పుడు?" అని మెల్లగా అడిగే ఉద్యోగం. ఆ గొంతు అత్తయ్య చెవికి ఎక్కదు. చెవి మిషను ఒకటి కొన్నాం. తేనెటీగల గూడు చెవిలో పెట్టుకున్నట్టుందని సొరుగులో పడేశారు.

ఇవాళ అన్నం తింటూ అన్నారు: "అమ్మాయ్, ఈ ఇంట్లో నాకు వినపడేది నీ గొంతొక్కటే. అదీ ఆగిపోయాక నీళ్లల్లో కూర్చున్నట్టుంది."

ఫిర్యాదు కాదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పారు. పలక మీద "త్వరలో వచ్చేస్తుంది" అని రాసి చూపించాను. చదివి తలూపారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. మా ఇంట్లో ఊదడానికి శంఖమే లేదిప్పుడు.

ఆమెకి పొద్దుపోవాలని పిల్లల బండి బొమ్మ వేసి చూపించాను. కళ్లు కింద ఉండటం తెగ నచ్చింది. "తలవంచుకు నడిచే పిల్ల" అన్నారు. రోజూ దాని కబురు చెప్పమన్నారు.

నవంబరు 13, బుధవారం

మాట్లాడలేని మనిషి దగ్గర అందరూ మాట్లాడతారు. పాలు పోసే ఆయన దగ్గర్నుంచి లెక్కల మాస్టారి దాకా. మాస్టారు వాళ్ల తోడల్లుడితో తగాదా మొత్తం చెప్పారు. సలహా ఇవ్వలేను కాబట్టి తేలిగ్గా ఉన్నట్టుంది.

ఇవాళ బడి వదిలాక మేస్త్రీ మిగిలిపోయాడు. స్క్రూలు డబ్బాలో సర్దుతూ, నావైపు చూడకుండా చెప్పాడు. "మమ్మల్ని ఎవరూ తీసుకోలేదు కదా టీచర్. మిగిలిపోతే కలిపారు. గెలిస్తే వచ్చే ఏడు ఎవరైనా తీసుకుంటారు. వీళ్లతో గెలవలేం. వాడు అన్నీ అతికించేస్తాడు. అదేమో ఆపకుండా అడుగుతూనే ఉంటుంది."

రాయబోయాను. పలక చేతిలోనే ఉంది. వాడు డబ్బా మూతపెట్టి వెళ్లిపోయాడు.

నవంబరు 15, శుక్రవారం

బండి మొదటిసారి గీత వెంట నడిచింది. నీళ్లు లేకుండా. తాగినవాడిలా తూలుతూనే, కానీ నడిచింది. జిగురు, వాడిన నోటు పుస్తకాల అట్టలతో గ్లాసు కూర్చోవడానికి చిన్న గూడు కట్టాడు. అంచులు ఎంత నున్నగా కత్తిరించాడో. అత్తయ్యకి బొమ్మ వేసి చూపిస్తే, "గూడు కట్టినవాడు ఇల్లు కూడా కడతాడు" అన్నారు.

నవంబరు 18, సోమవారం

బీరువా తెరిస్తే కిటికీ జట్టు బండి లేదు. మేస్త్రీ దాన్ని పుస్తకాల సంచీలోంచి తీశాడు. శుక్రవారం ఇంటికి తీసుకెళ్లాడట. వాళ్ల అన్నయ్య పెద్ద కాలేజీలో ఇవే చదువుతున్నాడట. ఇద్దరూ కలిసి బాగుచేశారట.

బల్ల మీద పెట్టాడు. అది నడిచింది కాదు, వెన్న మీద కత్తిలా జారింది. ప్రతి వంకా తిరిగింది, గీత దగ్గర టక్కున ఆగింది. గ్లాసులో నీళ్లు తొణకలేదు. మిగతా జట్ల పిల్లలందరూ చుట్టూ చేరారు. మేస్త్రీ మొహం వెలిగిపోతోంది. నేనెప్పుడూ అంత సంతోషంగా వాణ్ణి చూడలేదు. అందుకే కోప్పడలేకపోయాను.

జిగురు దగ్గరికి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత కిందికి వంగి బల్ల కింద వెతికాడు, సంచీలోకి తొంగిచూశాడు. నాకు అప్పుడు అర్థమైంది. గూడు వెతుకుతున్నాడు. దాని చోట ఇనప రేకుతో చేసిన గిన్నెలాంటిది ఉంది.

"అది పారేశాం. ఇదే గట్టిది" అన్నాడు మేస్త్రీ.

జిగురు వెళ్లి తన చోట కూర్చున్నాడు. అయితే బండినే చూస్తూ అంది: "అయితే ఇది మాది కాదు."

అంతే. ఆ పూటంతా ముగ్గురూ మూడు వైపులకి తిరిగి కూర్చున్నారు. ఎవరికి వారే యమునా తీరే.

నా గొంతు దాకా ఎన్ని మాటలొచ్చాయో. ఐకమత్యం, నియమం, నిజాయితీ, స్నేహం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. పలక మీద రాశాను. చదువుకున్నాను. నా పాత పాఠంలాగే ఉంది. నేను చెబితే ముగ్గురూ చేతులు కట్టుకుని వింటారు, సారీ చెప్పుకుంటారు, గంట కొట్టగానే లేచి ఎవరి దారిన వాళ్లు వెళతారు. తుడిచేశాను. మళ్లీ రాశాను. మళ్లీ తుడిచేశాను. జిగురు అదంతా చూస్తున్నాడని తర్వాత గమనించాను.

నియమం ప్రకారం ఆ బండిని పోటీకి పంపకూడదు. అది పెద్ద టీచరు గారికి చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 19, మంగళవారం

చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

పొద్దున్న ముగ్గురూ కిటికీ బల్ల దగ్గర బండిని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. చాలాసేపటికి అయితే వేలుతో ఒక తీగ చూపించి అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అయితే ఈ ఎర్ర తీగ ఇక్కడికెందుకొచ్చింది?"

మేస్త్రీ చూశాడు. దగ్గరగా వంగి చూశాడు. తీగ వెంట వేలు పెట్టి వెళ్లాడు, మధ్యలో తప్పిపోయాడు. "అన్నయ్య పెట్టాడు" అన్నాడు.

"అయితే ఇంజినీరు అడిగితే?"

మేస్త్రీ తీగ వదిలేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను కుర్చీ అంచున కూర్చుని ఉన్నాను, లేవాలో వద్దో తెలియక. వాడు ఏడుస్తాడనుకున్నాను, లేదా బండిని నేలకేసి కొడతాడనుకున్నాను. వాడు స్క్రూడ్రైవరు తీశాడు. దాన్ని జిగురు ముందుకు తోశాడు.

"విప్పు."

జిగురు నావైపు చూశాడు. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. ఏం చేసినా అది నా మాట అయిపోతుంది. వాడు స్క్రూడ్రైవరు తీసుకుని మొదటి స్క్రూ విప్పాడు. తర్వాతది అయితే విప్పింది. తర్వాత మేస్త్రీ. చివరికి బల్లంతా ముక్కలే.

విప్పుతుంటే మేస్త్రీ అన్నాడు, "గూడు చెత్తబుట్టలో వెతికాను. బుట్ట ఖాళీ చేసేశారు."

"మళ్లీ కడతాలే" అన్నాడు జిగురు.

ఇంటికెళ్లి అత్తయ్యకి బొమ్మ వేశాను. బల్ల మీద ఒట్టి ముక్కలు. ఆమె భయపడి, "విరగ్గొట్టుకున్నారా?" అన్నారు. కాదని రాశాను. ఆ సంగతంతా పలక మీద రాయడానికి చోటు చాలలేదు. పలక పెద్దదైనా చాలేది కాదేమో. అది గొంతుతో చెప్పాల్సిన కథ.

నవంబరు 21, గురువారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. పుండు మానిందన్నారు. ఇక మెల్లగా మాట్లాడవచ్చు, కొంచెం కొంచెంగా. "ఆ" అనండి అన్నారు.

అన్నాను.

మా ఆయన గోడ మీది బొమ్మ చూస్తున్నారు. చాలా శ్రద్ధగా చూశారు. మనిషి చెవి లోపలి బొమ్మ అది.

పాత గొంతు పూర్తిగా రాకపోవచ్చట. గట్టిగా మాట్లాడటం, కేకలు వెయ్యడం మాత్రం ఇక మర్చిపోవాలట. అలవాటైపోతుంది అన్నారు డాక్టరు. బాగానే ఉంది.

నవంబరు 22, శుక్రవారం

ఇంకా మాట్లాడటం మొదలుపెట్టలేదు. డాక్టరు మెల్లగా అన్నారు కదా. పైగా బడిలో పిల్లలు నేను మాట్లాడకపోవడానికి అలవాటు పడ్డారు, ఇప్పుడు మొదలుపెడితే పని చెడుతుంది. పోటీ అయ్యేదాకా ఆగుదాం.

నవంబరు 24, ఆదివారం

పొద్దున్న ఆయన అడిగారు, ఎవరూ లేనప్పుడు ఒక్క మాట అని చూడొచ్చు కదా అని. రేపటినుంచి అని రాశాను. అమ్మకి చెబుదామా అంటే, వద్దు అని పెద్దక్షరాలతో రాశాను. గొంతుకి కొంచెం జలుబు కూడా చేసినట్టుంది. జలుబులో మాట్లాడకూడదు.

ఆయన పలక పక్కన పెట్టారు. నా కళ్లద్దాలు తీసుకుని తుడిచి ఇచ్చారు. ఆయనకి మాట దొరకనప్పుడు చేసే పని అదే.

అత్తయ్య రోజూ నా పెదాల వంక చూస్తున్నారు. ఏదో ఒక రోజు కదులుతాయని.

నవంబరు 26, మంగళవారం

బండి మళ్లీ నిలబడింది. అన్నయ్య బండి అంత అందంగా లేదు. కానీ ఏ తీగ ఎందుకుందో ముగ్గురికీ తెలుసు. తెలియకపోతే ఆ పిల్ల కదలనివ్వడం లేదు. మేస్త్రీ మొదట విసుక్కునేవాడు, ఇప్పుడు తానే అడుగుతున్నాడు, ఇంకేమైనా అడగాలా అని.

నీళ్లే కుదరడం లేదు. బయల్దేరినప్పుడు సగం, వంకల దగ్గర మిగతా సగం. బల్ల తడి, నేల తడి, ముగ్గురి చొక్కాలూ తడి. మేస్త్రీ వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. నత్త నవ్వేలా ఉంది, అయినా ఒలుకుతోంది. జిగురు కొత్త గూడు గోడలు ఎత్తు చేశాడు. గూడు నిండింది, గ్లాసు ఖాళీ అయింది.

అప్పుడు అయితే అంది, "అయితే గ్లాసు నిలబడే ఎందుకుండాలి? వేలాడకూడదా?" టీ కొట్టు నుంచి గ్లాసులు తెచ్చే మనిషి తీగల బుట్ట చేత్తో ఊపుకుంటూ వస్తాడు కదా, మెట్లెక్కుతాడు కదా, చుక్క ఒలకదు కదా అంది.

ముగ్గురూ గ్లాసు వంక చూశారు. తర్వాత ఒకేసారి లేచారు. ఐస్‌క్రీం పుల్లలతో జిగురు ఒక కమాను కట్టాడు, రెండు కాళ్లూ చెక్క మీద అతికించాడు. అయితే తన జడ రిబ్బను విప్పి ఇచ్చింది. మేస్త్రీ దాన్ని నాలుగు దారాలుగా చీల్చి, కమానుకి గ్లాసుని ఊయలలా వేలాడదీశాడు. వంకలో బండి తిరిగితే గ్లాసు కొంచెం ఊగి, మళ్లీ తిన్నగా నిలబడింది. లోపల నీళ్లు నిద్రపోతున్న బిడ్డలా ఉన్నాయి.

జిగురు మేస్త్రీ భుజం మీద చెయ్యేశాడు. చొక్కాకి అతుక్కుపోయింది. ఇద్దరూ తెగ నవ్వారు.

నా నోట్లోంచి ఏదో బయటికి రాబోయింది. గుటక వేశాను.

నవంబరు 28, గురువారం

రేపు పోటీ. నాకు సంబంధం లేదు, నేను ఊరికే కూర్చుని చూసేదాన్ని. అన్నం సహించలేదు.

నవంబరు 29, శుక్రవారం

వరసగా రాస్తాను, లేకపోతే ముక్కలైపోతుంది.

ఇంజినీరు ఒక పెద్దావిడ, జుట్టు మొత్తం తెల్లబడింది. ప్రతి జట్టు దగ్గరా వంగి, పిల్లల కళ్లెత్తుకి దిగి మాట్లాడింది. తలుపు పక్క జట్టు బండి ముందు నడిచింది. దానికి స్పాంజి మీద గ్లాసు పెట్టారు. ముప్పాతిక నీళ్లు మిగిలాయి. అంతకన్నా బాగా ఎవరూ చెయ్యలేదు. చివర మా వంతు. మా అని రాశాను. ఉండనీ.

ఆవిడ అయితేని అడిగింది, గ్లాసు ఎందుకు వేలాడదీశారని. పిల్ల చక్కగా చెప్పింది. చెప్పి ఊరుకుంటే అది అయితే ఎలా అవుతుంది, ఆవిడనే ఎదురు ప్రశ్న వేసింది: "అయితే మేడం, తాడు పొడుగు పెంచితే ఎక్కువ ఊగుతుందా, తక్కువా?" ఆవిడ నవ్వి, పోటీ అయ్యాక ఇద్దరం చూద్దాం అంది.

బండి బయల్దేరింది. మొదటి వంక. రెండోది. గ్లాసు ఊగింది, నిలబడింది. అంచుదాకా నీళ్లు అలాగే ఉన్నాయి. తలుపు పక్క జట్టు పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. ఆఖరి వంక దగ్గర చిన్న టిక్కుమన్న చప్పుడు. కమాను కాలు ఒకటి చెక్క మీద నుంచి లేచింది. అతుకు ఊడింది. కమాను ఒక పక్కకి ఒరిగింది, ఊయల జారింది, గ్లాసు బల్ల మీద పడి దొర్లింది. నీళ్లు బల్ల అంచునుంచి ధారగా కారాయి.

బండి మాత్రం ఆగలేదు. నెత్తి మీద ఏమీ లేదని దానికేం తెలుసు. తలవంచుకుని గీత చూసుకుంటూ వెళ్లి, ఆగాల్సిన చోట సరిగ్గా ఆగింది.

ఎవరో కిసుక్కుమన్నారు. జిగురు మొహంలో రక్తం లేదు. తన చేతులు వెనక్కి దాచుకున్నాడు. నేను మేస్త్రీనే చూస్తున్నాను. వాడి దవడ బిగుసుకుంది. గెలిస్తే వచ్చే ఏడు ఎవరైనా తీసుకుంటారన్న మాట నా చెవుల్లో మోగింది.

ఇంజినీరు ఊడిన కాలు చేతిలోకి తీసుకుని చూసింది. మామూలుగానే అడిగింది. "ఇది అతికించింది ఎవరు?"

"మేమే అండి" అన్నాడు మేస్త్రీ.

"మీలో ఎవరు?"

"మేం ముగ్గురం. నిన్న మళ్లీ మళ్లీ నడిపి చూశాం, దానికే వదులైనట్టుంది. చూసుకోవాల్సింది, చూసుకోలేదు."

అబద్ధం కాదు. నిన్న నడిపి నడిపి మురిసిపోయింది ముగ్గురూ. జిగురు వాడివైపు తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

తలుపు పక్క జట్టు గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు, మావాళ్లూ కొట్టారు. గది ఖాళీ అయింది. ముగ్గురూ ఆ తడి బల్ల దగ్గర నిలబడిపోయారు. ముందు కదిలినవాళ్లు ఏడ్చేస్తారేమో అన్నట్టు. పలక నా కుర్చీ మీద ఉంది. తేవడానికి వెళ్లలేదు.

"రండి, నీళ్లు తుడుద్దాం" అన్నాను.

గరుకు నేల మీద బల్ల ఈడ్చినట్టుంది ఆ గొంతు. మధ్యలో "నీళ్లు" అన్నచోట అసలు మాయమై, తర్వాత మళ్లీ వచ్చింది. ముగ్గురూ తలెత్తారు.

"అయితే టీచర్" అంది ఆ పిల్ల మెల్లగా, "ఇది మీ గొంతేనా?"

"నాదే. ఇక ఇంతే."

జిగురు ఆలోచించాడు. "ఊడిపోలేదు టీచర్. కొంచెం వదులైంది" అన్నాడు.

మేస్త్రీ అప్పటికే పాత గుడ్డ తెచ్చాడు. దాన్ని మూడు ముక్కలుగా చించాడు. నాకూ కావాలన్నాను. వినపడలేదు, ఏమిటి టీచర్ అని దగ్గరికి వచ్చాడు. మళ్లీ చెప్పాను. నాలుగో ముక్క చించాడు. నలుగురం మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తుడిచాం. తుడుస్తుంటే మేస్త్రీ అడిగాడు, వచ్చే ఏడు ఇలాంటిది ఉంటుందా అని. ఉంటుందన్నాను. వాడు మిగతా ఇద్దరినీ చూసి, "కమానుకి నాలుగు కాళ్లు పెడదాం" అన్నాడు.

నవంబరు 30, శనివారం

నిన్న సాయంత్రం సంగతి రాయలేకపోయాను. ఇవాళ రాస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే, "ఏమైంది? బండి నడిచిందా?" అని పలక కోసం చెయ్యి చాపారు. పలక ఇవ్వలేదు. ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, నీళ్లు ఒలికిపోయాయి" అన్నాను.

ఆమె నా పెదాలు చూశారు. తర్వాత మొహం చూశారు. "మాట్లాడుతున్నావా?"

తల ఊపాను. ఇంకోసారి చెప్పాను. ఆమె ముందుకు వంగి, కుడి చెవి తిప్పి, కళ్లు మూసుకుని విన్నారు.

"వినపడట్లేదమ్మా" అన్నారు.

ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ మాటకే. జలుబూ కాదు, పోటీ కాదు, డాక్టరు మెల్లగా అన్నదీ కాదు. ఈ ఒక్క మాట. అది వచ్చి ఎదుట కూర్చుంది. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను.

అత్తయ్య కళ్లు తెరిచారు. చెయ్యి చాపి నా గొంతు మీద పెట్టారు. అరచెయ్యి మొత్తం, మెత్తగా ఆనించి. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"మిల్లులో ఆ రొదలో ఏ మగ్గం నడుస్తోందో, ఏది ఆగిందో చెవికి తెలిసేది కాదు" అన్నారు. "చెయ్యి పెట్టి చూసేవాళ్లం. ఊఁ, చెప్పు."

చెప్పాను. మొత్తం చెప్పాను. విప్పేసిన బండి, ఎర్ర తీగ, రిబ్బను ఊయల, ఊడిన కాలు, మేమే అండి అన్న పిల్లాడు, నేల తుడిచిన నాలుగు గుడ్డ ముక్కలు. పలక మీద పట్టని కథంతా. మధ్యమధ్యలో గొంతు మాయమైంది, ఆగి మళ్లీ మొదలుపెట్టాను. ఆమె కళ్లు నా పెదాల మీద, చెయ్యి నా గొంతు మీద. ఎంత అందిందో నాకు తెలియదు. సగం కూడా కాదేమో. కానీ ఒకచోట ఆపి, "ఎవడు, ఆ గూడు కట్టిన పిల్లాడా?" అన్నారు. వాడే అన్నాను. "పాపం" అన్నారు.

ఆయన షాపు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులతోనే నిలబడిపోయారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

అత్తయ్య చెయ్యి తియ్యకుండానే అటు తిరిగారు.

"నడుస్తోందిరా" అన్నారు.